కొణతాల ఊళ్లో వైర్‌లెస్

పిడుగురాళ్ల సున్నం బట్టీలు వెనక్కి పోయాక దారికి రెండు పక్కలా పత్తి చేలు మొదలవుతాయి. కార్తీకం కదా, కాయలు పగిలి ఉన్నాయి. ఆడకూలీలు నడుముకు కట్టుకున్న ఒడుల్లోకి పత్తి తీస్తున్నారు. పత్తి లేని చోట మిరప, రెండూ లేని చోట నాపరాళ్ల గుట్టలు. పల్నాడులో రాయి కనపడని చోటు ఉండదు. ఇంటి గోడ రాయి, ప్రహరీ రాయి, అరుగు రాయి, కొన్ని పాత కొట్టాలకు కప్పు కూడా రాయే. పల్నాటి యుద్ధం ముగిశాక మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని ఈ ప్రాంతం వాళ్లు చెబుతారు. ఆ బిలం ఈ చుట్టుపక్కలే ఉంది. మేం అటు పోలేదు, తిన్నగా కారంపూడి దారి పట్టాం.

కారులో నాతో మా మేనకోడలూ, ఆమెతో చదువుకునే ముగ్గురు పిల్లలూ ఉన్నారు. నలుగురూ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. వాళ్లు ఒక హ్యాకథాన్‌కు తయారవుతున్నారు. వైర్‌లెస్ పరికరాలతో మ్యూజియం చూడవచ్చినవాళ్లు తాము కూడా పాలుపంచుకునే అనుభవాన్ని తయారు చేయాలన్నది వాళ్లకిచ్చిన సమస్య. జట్లు కట్టుకుని ఒక రాత్రో రెండు రాత్రులో నిద్ర మాని, పనిచేసే నమూనా ఒకటి చేసి చూపించే ఈ పోటీలు మన కాలేజీల్లో ఇప్పుడు బాగా పెరిగాయి. కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి నడుపుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సాఫ్ట్‌వేర్ విభాగం వాళ్లు 36 గంటలు ఏకబిగిన పనిచేస్తారు. 2024లో అందులో సాంస్కృతిక శాఖ తరఫున మ్యూజియం సమస్య కూడా ఒకటి వచ్చింది: టికెట్లు ఇచ్చే చాట్‌బాట్. టికెట్టు దగ్గర వరస తగ్గడం మంచిదే. కానీ టికెట్టు కొని లోపలికి వెళ్లినవాడికి లోపల ఏం జరుగుతుందన్నదే నాకు ఎప్పుడూ పెద్ద ప్రశ్న.

"మామయ్యా, మన జిల్లాలో మ్యూజియం ఏముంది?" అని బయల్దేరక ముందు మా మేనకోడలు ఫోన్‌లో అడిగింది. నాగార్జునకొండ ఉంది. సాగర్ నీళ్లు లోయను ముంచేలోగా తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను కొండమీద, ఇప్పటి దీవి మీద, 1966 నుంచి ప్రదర్శనకు పెట్టారు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. ప్రపంచంలో అలాంటి మ్యూజియంలు ఎన్నో లేవు, పిల్లలు తప్పక చూడాల్సిందే. అయినా నేను కారంపూడి పేరు చెప్పాను. నాగార్జునకొండలో వస్తువులు ఉన్నాయి, వాటిని చేసి వాడుకున్న మనుషులు లేరు. కారంపూడిలో వస్తువులూ ఉన్నాయి, వాటిని ఎత్తుకునే భుజాలూ ఉన్నాయి, వాటి కథ పాడే గొంతులూ ఉన్నాయి. అక్కడ పనికొచ్చే పరికరం చేయగలిగితే ఎక్కడైనా చేయగలరు.

మేం చేరేటప్పటికి వీరుల ఉత్సవం మొదలయ్యే కార్తీక అమావాస్య ఇంకా కొన్నాళ్లు ఉంది. పల్నాటి యుద్ధ వీరుల గుడి దగ్గర సందడి లేదు. నాగులేటి మీది గాలి వస్తోంది. ఎవరో ముసలాయన మండపం నీడలో పడుకుని ఉన్నాడు. రెండు మేకలు గోడ వారగా నిలబడ్డాయి. లోపల వీరులు రాళ్లై ఉన్నారు, పసుపు కుంకుమల మరకలతో. ఏ రాయి ఏ వీరుడిదో చెప్పే మనిషి ఆ వేళప్పుడు లేడు. పిల్లల్లో ఒకడు కృష్ణా జిల్లా వాడు. సినిమాలో పేరు వినడమే తప్ప పల్నాటి కథ తెలియదు. అతను చుట్టూ తిరిగి వచ్చి, "సార్, ఇక్కడేం జరిగిందో ఈ రాళ్లు చూస్తే తెలియడంలేదు," అన్నాడు. అన్యాయమైన మాట కాదు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ గుడికి వచ్చేవాడికి దొరికేది ఇంతే.

అందుకని ఆ అరుగు మీదే కూర్చుని కథ చెప్పాను. పన్నెండో శతాబ్దం, యుద్ధం జరిగిన ఏడు 1182 ప్రాంతమని ఎక్కువమంది లెక్క. హైహయ వంశంలో ఒక తండ్రికి వేర్వేరు తల్లుల బిడ్డలు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అక్కడ మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇక్కడ మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. ఆపైన ఈ కారంపూడి బయలులో యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు పెళ్లయిన కొత్తలోనే కత్తి పట్టి వచ్చి ఇక్కడ పడిపోయాడు. బ్రహ్మనాయుడు కొడుకుగా పెంచుకుని సేనాపతిని చేసిన మాల కన్నమదాసు భైరవ ఖడ్గం పట్టి ఇక్కడే పోరాడాడు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్లనీ కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు ఈ పక్షానిదే. పన్నెండో శతాబ్దంలో ఆ పని చేయాలంటే యుద్ధానికి దిగేంత గుండె ఉండాలి. నాకు కారంపూడి మీద ఉన్న ప్రేమలో సగం ఆ చాప వల్లే.

ఇంత కథ రాళ్లలో కనిపించదు, నిజమే. మరి దాన్ని వైర్‌లెస్‌తో వినిపించే దారి ఏమిటి? పిల్లలు సంచులు విప్పారు. వాళ్ల దగ్గర మూడు రకాల సామాను ఉంది.

మొదటిది ఎన్ఎఫ్‌సీ ట్యాగ్. బొట్టుబిళ్ల కన్నా కాస్త పెద్దది, బ్యాటరీ అక్కర్లేదు, ఫోన్ నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే ఫోన్ ఇచ్చే శక్తితోనే మేలుకుని తనలోని చిరునామా చెబుతుంది. న్యూయార్క్‌లో కూపర్ హ్యూయిట్ మ్యూజియం 2015లో సందర్శకులకు ఒక కలం ఇచ్చింది. నచ్చిన వస్తువు పక్కనున్న చీటీకి కలాన్ని ఆనిస్తే ఆ వస్తువు వాళ్ల ఖాతాలో చేరేది, ఇంటికి వెళ్లి మళ్లీ చూసుకోగలిగేవాళ్లు. అందులో పనిచేసింది ఈ ఎన్ఎఫ్‌సీయే. రెండోది బ్లూటూత్ బీకన్. గుండీ బ్యాటరీ మీద ఏడాదికి పైగా బతుకుతూ 'నేనిక్కడున్నాను' అని సెకనుకు ఒకటి రెండుసార్లు చెబుతూనే ఉంటుంది. 2013లో యాపిల్ సంస్థ ఐబీకన్ తెచ్చాక మ్యూజియంలు వీటి మీద చాలా ఆశ పెట్టుకున్నాయి. మనిషి ఏ శిల్పం ముందు నిలబడితే ఆ శిల్పం కథ దానంతటదే ఫోన్‌లో మొదలవుతుందని. మూడోది చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్. ఇంటర్నెట్ లేకుండా తానే ఒక వైఫై వలయం పరిచి, తనలో దాచుకున్న పాటలూ బొమ్మలూ చుట్టుపక్కల ఫోన్లకు పంపుతుంది. యాప్ దించుకోవడం, డేటా ఖర్చు పెట్టడం ఉండవు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ప్రయత్నాలు జరగకపోలేదు. విజయవాడలో 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనాన్ని మరమ్మతు చేసి 2020 అక్టోబరులో బాపు మ్యూజియంగా తిరిగి తెరిచినప్పుడు, ఫోన్‌తో స్కాన్ చేసి వస్తువు గురించి వినే ఏర్పాటు కూడా పెట్టారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియంలను కొత్తగా ఆలోచించడం మీద రెండు రోజుల అంతర్జాతీయ సదస్సు పెట్టింది. కానీ మ్యూజియం హ్యాకథాన్ అన్న ఆలోచనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఫ్రాన్స్‌లో 2011లో మొదలైన మ్యూజియోమిక్స్. పారిస్‌లోని అలంకార కళల మ్యూజియంలో తొలిసారి జరిపారు. కంప్యూటర్ వాళ్లు, బొమ్మలేసేవాళ్లు, మ్యూజియం ఉద్యోగులు జట్లు కట్టి మూడు రోజులు మ్యూజియంలోనే కూర్చుని నమూనాలు చేస్తారు. వాటిని అక్కడే, వచ్చినవాళ్ల చేతిలో పెట్టి చూస్తారు. ఆ 'అక్కడే' అన్నదే అసలు విషయం. ఏసీ గదిలో చేసిన నమూనా ఏసీ గదికే సరిపోతుంది.

కారంపూడి గుడి ముందు పెట్టి చూస్తే ఆ మూడు వస్తువుల బలమూ బలహీనతా గంటలో తేలిపోయాయి. వైఫై పెట్టె గుడి లోపల పెడితే ఆ మందపాటి రాతిగోడ దాటి బయటికి సిగ్నల్ సరిగా రాలేదు. పిల్లలు దిగులు పడ్డారు. నాకు మాత్రం అది వరంలా కనిపించింది. ఈ కథ రోడ్డు మీదికి, టీ కొట్టు దాకా పోనక్కర్లేదు, రాయి ఎంత దూరం పోనిస్తే అంతే చాలు. ఎన్ఎఫ్‌సీ ట్యాగును లోహం మీద నేరుగా అంటిస్తే పనిచేయదు, లోహం దాని తరంగాన్ని మింగేస్తుంది. మధ్యలో ఫెరైట్ పొర ఉన్న ప్రత్యేకమైన ట్యాగులు కావాలి. వీరుల ఆయుధాలు లోహమే కదా అని ఒక అబ్బాయి ఆ రకం ట్యాగుల ధర చూడబోయాడు. మా మేనకోడలు వెంటనే ఆపింది. "వాటికి అంటించేది ఏదీ ఉండదు. అవి దేవుళ్లు," అంది. పిల్లకు పల్నాటి రక్తం ఉందని అప్పుడు అనిపించింది. ట్యాగులు పెట్టాల్సి వస్తే వస్తువుకు కాదు, వస్తువును చూస్తూ మనిషి కూర్చునే అరుగుకు పెట్టాలని అక్కడే తీర్మానించుకున్నారు.

ఆ ఆయుధాలను కొణతాలంటారు. అవి ఒక గుడిలో ఒక చోట పెట్టి ఉన్నవి కావు. ఈ వీరులను కొలిచే వీరాచారవంతుల కుటుంబాలు తరతరాలుగా తమ ఊళ్లలో పూజించుకుంటూ, కార్తీక అమావాస్యకు కారంపూడికి మోసుకొస్తాయి. పల్నాడు నుంచే కాదు, దూరపు జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. మామూలుగా మ్యూజియం సేకరణ అద్దాల వెనక ఏడాది పొడవునా కదలకుండా ఉంటుంది. కారంపూడి సేకరణ ఏడాదంతా ఊరూరా విడివిడిగా ఉండి, ఐదు రోజులు మాత్రం ఒక చోట చేరుతుంది. అప్పుడైనా నిలిచి ఉండదు, నడుస్తుంది. ఈ సంగతి పిల్లలకు చెబితే వాళ్లు గీసుకున్న పటాలన్నీ పక్కన పెట్టి, "ఉత్సవానికి మళ్లీ రావాలి," అన్నారు.

అమావాస్యకు వెళ్లాం. రోడ్డు మీదే బండి ఆపాల్సి వచ్చింది. రంగుల రాట్నాలు, చెరకు బండ్లు, బొమ్మల దుకాణాలు, వాటి మధ్య భుజాల మీద కొణతాలు. వాటికి పూలు, వేపమండలు, పట్టుగుడ్డలు. నాగులేటి గంగధారి మడుగులో వాటికి స్నానం. డప్పు దెబ్బ కడుపులో తగులుతోంది. కత్తిసేవ చేసేవాళ్లకు జనం తమంతట తామే దారి ఇస్తున్నారు. ఐదు రోజులకూ పేర్లున్నాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. యుద్ధకథలోని ఘట్టాలే రోజులయ్యాయి. రాయబారం నాడు అలరాజు రాయబారం కథ, మందపోరు నాడు ఆలమందల కోసం జరిగిన పోరు, అదే రోజు చాపకూడు. కోడిపోరు నాడు రాజ్యం పోగొట్టిన ఆ పందెం. ఊరంతా కథ లోపలికి నడిచి వెళ్తుంది. మ్యూజియం వాళ్లు ఇవాళ ఇంగ్లీషులో ఏ అనుభవం కోసం ఇన్ని పరికరాలు వెతుకుతున్నారో, అది ఇక్కడ ఎప్పటినుంచో చాప మీద అన్నం తిన్నంత సహజంగా జరుగుతోంది.

మందపోరు నాటి చాపకూడు బంతిలో నా పక్కన ఖమ్మం వైపు నుంచి వచ్చిన రైతు కూర్చున్నాడు. వాళ్ల తాతల నాటి కొణతం తెచ్చారట. "మీది ఏ ఊరు సారూ?" అని అడిగాడే కానీ మరింకేమీ అడగలేదు. ఆ బంతిలో అడగకూడని ప్రశ్న అడగకపోవడమే మర్యాద. వడ్డించే కుర్రాడు పప్పు రెండోసారి వేసి వెళ్లాడు. ఈ అనుభవాన్ని పంపే తరంగం ఏదీ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

సాంకేతికంగా కూడా ఆ ఉత్సవం మాకు పెద్ద పాఠమే. మా మేనకోడలు భుజాన ఉన్న సంచిలో బీకన్ ఉంది. స్నేహితుడు కొంచెం దూరంలో ఫోన్ పట్టుకుని సిగ్నల్ చూస్తున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు గుడి ముందు చివరి నుంచి చివరికి అందిన సిగ్నల్ ఇప్పుడు పది అడుగులకే తెగిపోతోంది. బ్లూటూత్, మామూలు వైఫై రెండూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు పీల్చుకుంటుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే. అంటే జనసమూహం ఒక కదిలే గోడ. బీకన్ దూరాన్ని లెక్కగట్టేది సిగ్నల్ బలం చూసే కాబట్టి, జనంలో దాని లెక్కలన్నీ తారుమారు. ఇక మొబైల్ నెట్‌వర్క్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అన్ని వేల ఫోన్లు ఒక్క చోట చేరితే ఫొటో కూడా పోదు. ఉత్సవంలో పనిచేసే పరికరం చేయాలంటే చాలా డబ్బు, చాలా పరికరాలు కావాలి. ఏం సాధించడానికి అన్నది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఐదు రోజులు కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు.

కథ చెప్పేవాళ్లు వీర విద్యావంతులు. పంబజోడు మోగుతుంది, తిత్తి శ్రుతి పట్టుకుని ఉంటుంది, పాడేవాడు రాత్రి పొడుగునా పాడతాడు. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో ద్విపదలో పల్నాటి వీరచరిత్ర రాశాడంటే, అప్పటికే ఈ పాట ఊళ్లలో ఉండబట్టే. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించారు. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు టేప్‌రికార్డరుతో పల్నాడు వచ్చి అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా ప్రకటించాడు. అంటే యంత్రమూ ఈ పాటా ఇంతకుముందే కలుసుకున్నాయి. ఆ పుస్తకంలో పాడినవాడి పేరు ఉంది. అది నాకు ముఖ్యంగా తోస్తుంది. మన దగ్గర పాత రికార్డింగులలో ఎన్నిటి మీద పాడినవాళ్ల పేరు ఉందో వెతికి చూడండి, తెలుస్తుంది.

పాట విరామంలో పెద్ద వయసు విద్యావంతుడొకాయన టీ తాగుతుంటే పిల్లలు వెళ్లి తమ ఆలోచన చెప్పారు. గుడి దగ్గర చిన్న పెట్టె ఉంటుంది, వచ్చినవాళ్లు తమ ఫోన్‌లో మీ పాట వింటారు అని. ఆయన శ్రద్ధగా విన్నాడు. పాట పోతుందనో, తమ పొట్ట కొడుతుందనో అంటాడని వాళ్లు భయపడ్డారు. ఆయన అడిగింది వేరే.

"ఫోన్ల ఇనేటప్పుడు, మధ్యలో వదిలేసి ముందుకు పోవచ్చా?"

పోవచ్చు తాతా, మీకు కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు, అని ఒక అబ్బాయి ఉత్సాహంగా చెప్పాడు.

"అయితే అందరూ బాలుడు పడిపోయిన కాడికే పోతారు నాయనా. మొదట కోడిపోరు ఇనకుండా, వలస ఇనకుండా, అలరాజు సావు ఇనకుండా, బాలుడి కాడ ఏడుపెట్టా వస్తది? ఏడుపు రాకపోతే ఇంక కథెందుకు?"

ఆ మాటతో నలుగురూ నిలబడిపోయారు. ఇన్నాళ్లుగా మ్యూజియం పరికరాల గురించి వాళ్లు చదివిందంతా దీనికి ఎదురే. చూసేవాడి ఇష్టం, ఎవరికి కావాల్సింది వాళ్లకు, ఎక్కడ కావాలంటే అక్కడ, నచ్చకపోతే ముందుకు. ఆయన అడుగుతున్నది వినేవాడి ఓర్పును. కథకు ఒక వరస ఉంది, ఆ వరసను మోయకుండా చివరి దుఃఖం చేతికి రాదు.

తిరుగు దారిలో నాకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం గుర్తొచ్చింది. మ్యూజియంలో వైర్‌లెస్ కథ మొదలైంది అక్కడే, 1952లో. గదుల చుట్టూ తీగ వలయం వేసి, టేపు మీది వ్యాఖ్యానాన్ని చిన్న రేడియో తరంగంగా ప్రసారం చేశారు. సందర్శకులు చెవికి రిసీవరు పెట్టుకుని తమ భాషలో విన్నారు. ప్రసారం కాబట్టి దాన్ని ఆపడం, జరపడం ఉండవు. అందరికీ ఒకే క్షణంలో ఒకే మాట వినపడుతుంది. అందుకని గుంపులో అందరూ ఒకేసారి తల తిప్పి, ఒకేసారి పక్క బొమ్మ దగ్గరికి నడిచేవారు. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని లోపమని చెప్పి, ఎవరికి వాళ్లు వినే యంత్రాలు చేశారు. డెబ్బై ఏళ్లు ఆ దారిలోనే వచ్చాం. కారంపూడి తాత చెప్పింది విన్నాక, స్టెడెలిక్ వాళ్లు తెలియకుండానే మంచి పని చేశారనిపించింది. కలిసి వినడం, వరసలో వినడం. హరికథ దగ్గరా, బుర్రకథ దగ్గరా మన జనం ఎప్పుడూ విన్నది అలాగే. బ్లూటూత్‌లో కూడా ఇప్పుడు అలాంటి పద్ధతి వచ్చింది. 2022లో ఆరాకాస్ట్ అని పేరు పెట్టారు. ఒక పెట్టె నుంచి ఎందరికైనా ఒకే ధ్వని, రేడియో లాగే. ఆ సౌకర్యం ఉన్న ఫోన్లు పల్లెల్లోకి ఇంకా పెద్దగా రాలేదు కాబట్టి పిల్లలు వైఫై పెట్టెతోనే ఆ పని చేయదలిచారు.

వాళ్ల నమూనాలో ముందుకు జరిపే మీట లేదు. వెనక్కి జరిపేదీ లేదు. గుడి తెరిచి ఉన్నంతసేపూ పాట తన వరసలో తాను నడుస్తూ ఉంటుంది. మీరు వచ్చేసరికి వలస నడుస్తుంటే వలస నుంచే వినాలి. బాలచంద్రుడి దగ్గరికి రావాలంటే కూర్చోవాలి, లేదా మళ్లీ రావాలి. అరుగు మీది ట్యాగ్ మాత్రం ఒక్క పని చేస్తుంది. ఇప్పుడు పాటలో వస్తున్న మనిషి ఎవరు, ఎవరి పక్షం, ఇంతకుముందు ఏం జరిగింది అని నాలుగు మాటల్లో ఫోన్ తెర మీద చూపిస్తుంది. ఎన్ఎఫ్‌సీ లేని చవక ఫోన్ల కోసం పక్కనే క్యూఆర్ గుర్తు. హ్యాకథాన్‌లో తీర్పు చెప్పేవాళ్లు ఈ 'తక్కువ సౌకర్యం' చూసి మార్కులు తగ్గిస్తారేమోనని ఒక అబ్బాయి బెంగ. తగ్గిస్తే తగ్గించనీ. సౌకర్యం ఒక్కటే కొలత అయితే రాత్రంతా నేల మీద కూర్చుని కథ వినడం ఎప్పుడో ఆగిపోయేది.

అంతకన్నా ముఖ్యమైన నిర్ణయం మా మేనకోడలిది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పెట్టె పలకదు. దానిలోని గడియారంలో ఆ తిథులు ముందే వేసి ఉంచుతారు. ఆ ఐదు రోజుల్లో ఎవరైనా ఫోన్ కలిపితే తెర మీద ఒకే ఒక్క సంగతి కనిపిస్తుంది. ఈ రాత్రి విద్యావంతులు ఎక్కడ పాడుతున్నారో, గుడి ముందు నుంచి ఏ వైపు నడవాలో. మిగిలిన ఏడాది, ఆ కృష్ణా జిల్లా అబ్బాయిలాంటివాడు వచ్చి రాళ్ల ముందు దిక్కు తోచక నిలబడే వేళల్లో, పెట్టె మాట్లాడుతుంది. యంత్రాన్ని ఎప్పుడు పలికించాలో చాలామంది ఆలోచిస్తారు. ఎప్పుడు మౌనంగా ఉంచాలో ఆలోచించినవాళ్లను నేను తక్కువమందినే చూశాను. ఇరవై ఏళ్ల పిల్ల ఆ మాట అనడం నాకు చాలా సంతోషంగా ఉంది.

రికార్డింగు ఉత్సవంలో చేయకూడదని కూడా అనుకున్నారు. అప్పుడు పాడేది వీరులకు, మైకుకు కాదు. తాత తనకు వీలున్న రోజు చెబుతానన్నాడు, తన జట్టుతో కలిసి పాడతానన్నాడు. పాడినందుకు ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకున్నారు. పాట మొదట్లో పాడినవాళ్ల పేర్లు వాళ్ల గొంతుతోనే వస్తాయి. పెట్టె మీట గుడివాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లు వద్దనుకున్న రోజు ఆపేయవచ్చు. హ్యాకథాన్ దరఖాస్తులో హక్కులు ఎవరివని అడిగే గడి ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్ మాది, పాట వీర విద్యావంతులది అని రాశారు.

ఒక్కటి మిగిలిపోయింది. జట్టులోని రెండో అమ్మాయి మొదటినుంచీ ఒకే మాట అడుగుతోంది: "నాగమ్మ ఏమంటుంది?" కారంపూడిలో కథ చెప్పేది బ్రహ్మనాయుడి పక్షం వాళ్లు. అది వాళ్ల హక్కు, వాళ్ల వీరుల గుడి అది. సినిమాలు కూడా అటువైపు నుంచే చూశాయి. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ పాత్ర వేస్తే, వాళ్ల తేజస్సు వల్ల నాగమ్మ గుర్తుండిపోయింది కానీ కథ మాత్రం ఆమె మీద తీర్పుగానే మిగిలింది. ఆ కాలంలో ఒక ఆడమనిషి రాజ్యం మంత్రాంగం నడిపి, సేనను రణానికి నడిపించిందంటే ఆమెకు చెప్పుకోవలసింది ఎంతో ఉండి ఉంటుంది. ఆ గొంతు పెట్టెలో ఒక పక్క ఉండాలని అమ్మాయి పట్టు. ఉండాలనే నేనూ అనుకుంటున్నాను. కాకపోతే దాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని మనం కల్పించి రాయకూడదు. గురజాల వైపు, గామాలపాడు వైపు నాగమ్మ గురించి చెప్పుకునే ముసలివాళ్లు ఉంటారు, వాళ్ల నోట వినాలి. హ్యాకథాన్ గడువు ఆ లోగా ముగిసినా సంక్రాంతి సెలవులకు అటు వెళ్దామని పిల్లలు అన్నారు. కారు నేనే నడుపుతానని చెప్పాను.